సగం సాక్ష్యం

మా బడిని తిట్టే హక్కు మాది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ మూతులు ముడుచుకోవద్దు. హోప్ టౌన్ దాటి కొండ మలుపు తిరిగితే వచ్చే మా టేకరీ బస్తీలో ఆ సర్కారీ మిడిల్ స్కూలుని తిట్టని మనిషి లేడు. తిట్టడంలో నన్ను మించిన మనిషి అసలే లేడు. రేకుల కప్పు కారుతోందని తిట్టాను. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా పడి ఉందని తిట్టాను. ఆడపిల్లల బాత్రూముకి గడియ లేదని హెడ్‌మిస్ట్రెస్ సీతారత్నం మేడమ్‌ని మొహం మీదే కడిగేశాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ "రాశాను సిల్వియా, మళ్ళీ రాస్తాను" అనేవారు. ఆ బడి పిల్లల యూనిఫాంలు కుట్టుకుని బతికేదాన్ని నేను. బడిలో చీమ చిటుక్కుమన్నా ముందు నా కుట్టుమిషను దగ్గరికే వస్తుంది.

అలాంటిది, ఆ వానాకాలం మా నోటితోనే మా బడిని మూయించబోయారు.

మా ఆయన రాబర్ట్ కూడా బడిని తిట్టేవాడు. కానీ నేను తిట్టేది అది బాగుపడాలని, ఆయన తిట్టేది అది వదిలిపోవాలని. రాబర్ట్‌కి సొంత డింగీ ఉంది. సిమెంటు బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివాళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళని ఆ ఇంజిను పడవలో పోర్ట్ బ్లెయిర్ ఒడ్డుకి దాటిస్తాడు. ఆ ఊరికి ఇప్పుడు కొత్త పేరు పెట్టారనుకోండి, మా నాలుకలకి ఇంకా పాత పేరే. అవతలి ఒడ్డున టై కట్టుకుని తిరిగే పిల్లల్ని చూసి చూసి ఆయనకి మతి పోయింది. మా కూతురు ఫేబేని నాలుగో క్లాసులో తీసుకెళ్ళి అవతల జంగ్లీఘాట్‌లో తన అక్క ఇంట్లో ఉంచి, అక్కడొక ఇంగ్లీషు మీడియంలో వేశాడు. ఇంగ్లీషు కాని మాట నోట్లోంచి వస్తే అక్కడ మెడలో అట్టముక్క వేసి నిలబెట్టేవారట. ఏడాది తిరిగేసరికి పిల్ల మాట్లాడటం మానేసింది. కూర కావాలంటే గిన్నె వైపు వేలు చూపించేది. నేను ఒకరోజు వెళ్ళి, బట్టల సంచీతో సహా పిల్లని తెచ్చేసుకుని, మా బడిలో చేర్పించాను. అప్పటినుంచి మా ఇద్దరి మధ్యా అది మానని పుండే.

మా బడిలో పడ్డాక పిల్ల మళ్ళీ మాట్లాడింది. ఎలా మాట్లాడిందో తర్వాత చెబుతాను, అది చెప్పాల్సిన చోటు వేరే ఉంది.

ఎండాకాలం సెలవలు అయ్యి బడి తెరిచారో లేదో వాన పట్టుకుంది. ఆ వానలోనే పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒక సాబ్, ఆయన వెంట టాబ్లెట్ పట్టుకున్న పూజ అనే అమ్మాయి. బడి గురించి తల్లిదండ్రులు, పిల్లలు, టీచర్లు ఏమనుకుంటున్నారో అడిగి రాసుకుపోతారట. బడి వరండాలో మోకాలి లోతు నీళ్ళు. అందుకని మా సంఘ పెద్ద దేవకుమార్ అన్న ప్రార్థన మందిరం తలుపులు తీసి అందరినీ అక్కడ కూచోబెట్టాడు. అసలు తంటా అక్కడే వచ్చింది.

మా మందిరంలో బెంచీ మీంచి లేచి ముందుకి తిరిగి నిలబడితే అది సాక్ష్యం చెప్పడానికే. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు చెబుతారు. దానికో వరస ఉంది, మా తాతలు విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్న వరస. ముందు మనం పడ్డ గొయ్యి గురించి చెప్పాలి. ఎంత లోతో, ఎంత బురదో దాచకుండా చెప్పాలి. ఆ తర్వాతే పైకి లాగిన చెయ్యి గురించి చెప్పాలి. గొయ్యి మాట ఎత్తకుండా చెయ్యి గురించి చెప్పేవాణ్ణి మావాళ్ళు నమ్మరు, డబ్బా కొట్టుకుంటున్నాడంటారు. ఇంకోటి, చెప్పే మనిషి ఆమెన్ అనేదాకా మధ్యలో ఎవరూ కదలరు, దగ్గు వచ్చినా ఆపుకుంటారు.

"స్కూల్ కైసా హై? బోలియే," అన్నాడు సాబ్, బడి ఎలా ఉందో చెప్పమని.

హిందీ మా అందరికీ వచ్చు. ముందు నేనే లేచాను, ఎప్పట్లాగే.

"సాబ్, సెవెంత్ క్లాస్ రూఫ్ జల్లెడే. వానొస్తే గది నిండా బకెట్లు పెడతారు. ఆ బకెట్లు పిల్లలే మోస్తారు..."

గొయ్యి అయిపోయింది. చెయ్యి గురించి చెబుదామని ఊపిరి తీసుకున్నాను.

"అచ్ఛా, అచ్ఛా. నోట్ కరో పూజా. నెక్స్ట్!" అన్నాడు సాబ్, చేతి గడియారం చూసుకుంటూ. ఫెర్రీ వెళ్ళిపోతుందని ఆయన తొందర ఆయనది.

నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. మందిరంలో ఇంతవరకూ ఎవరి సాక్ష్యమూ సగంలో తెగలేదు. దేవకుమార్ అన్న వెనకనుంచి మెల్లగా "కూకోమ్మా, పెద్దోళ్ళు, తర్వాత సెబుదువు గాని" అన్నాడు. కూచున్నాను. నా జన్మలో ఒకరు కూచోమంటే కూచున్నది ఆ ఒక్కసారే.

తర్వాత గవరయ్య మామ లేచాడు. వలలు అల్లుతూ, చేపలు పడుతూ ఒక్కగానొక్క కూతురు లహరిని సాకుతున్న మనిషి. మాట మొదట్లోని లకారం అతని నోట నకారమే, కూతురంటే 'గుంట'. "నెక్కలు సెప్పే మాస్టరు నేడు బాబూ. రెండేళ్ళ బట్టి నేడు. మా గుంట ఇంటికొచ్చి నన్నడిగితే నాకేటొచ్చు?" అన్నాడు. నెక్స్ట్. లహరి లేచి బాత్రూముకి గడియ లేదు, ఒకరు లోపలుంటే ఒకరు బయట కాపలా ఉంటామంది. నెక్స్ట్. మా ఫేబే "మేడమ్ గట్టిగా అరుస్తారు" అంది. నెక్స్ట్. ఆఖరికి సీతారత్నం మేడమ్. ఆవిడది మా సంఘం కాదు, విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి. అయినా ఆ గాలి సోకిందో ఏమో, "ఇద్దరం టీచర్లం మూడు క్లాసులు లాక్కొస్తున్నాం సార్, అయినా..." అన్నారు. ఆ 'అయినా' టాబ్లెట్‌లోకి ఎక్కలేదు.

ఎక్కలేదన్న సంగతి మాకు జూలైలో తెలిసింది.

ఆ రోజు ఒక గౌనుకి కాజాలు కుడుతున్నాను. మేడమ్ గొడుగు ముడుచుకోకుండానే నా వరండాలోకి వచ్చారు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకుపోయాయి. ఎప్పుడూ పిల్లల వెనక అరుస్తూ వచ్చే మనిషి, వచ్చీ రాగానే బల్ల మీద కూలబడ్డారు.

"ఆరు, ఏడు, ఎనిమిది అవతలి ఒడ్డున పెద్ద స్కూల్లో కలిపేస్తున్నారు," అన్నారు. "ఆగస్టు నుంచి. పిల్లలు రోజూ ఫెర్రీలో వెళ్ళి రావాలట. తల్లిదండ్రులు, పిల్లలు, టీచర్లు, ముగ్గురికీ ఈ బడి మీద మంచి అభిప్రాయం లేదని తేలిందట."

"ఎవరన్నారు మేడమ్ ఆ మాట?"

"మనమే. మనం అన్నవన్నీ ఉన్నాయి అందులో. నాకు వేరే మెమో కూడా వచ్చింది. బడిలో పిల్లలచేత చాకిరీ చేయిస్తున్నానట. బకెట్లు మోయిస్తున్నానని తల్లే చెప్పిందట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను చెప్పింది అది కాదు! అది సగం!"

"నువ్వు చెప్పింది అబద్ధం కూడా కాదు సిల్వియా. అందుకే నాకు నోరు పెగలటం లేదు," అన్నారు మేడమ్. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకోబోయారు. చెంగు తడిగానే ఉంది.

కబురు బస్తీ అంతా పాకింది. గవరయ్య మామ వల పక్కన పడేసి వచ్చాడు. "ఆడగుంటని రోజూ సముద్రం దాటించడం నా వల్ల కాదే సిల్వియా. తల్లి నేని పిల్ల. ఇంటికాడే ఉంటది, వల అల్లుకుంటది, మరేటి సేస్తాం," అన్నాడు. అతని వెనక లహరి నిలబడి ఉంది. దాని మొహం చూడలేకపోయాను. ఆ మాటే అనుకుంటున్న తండ్రులు బస్తీలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

మా ఇంట్లో మాత్రం రాబర్ట్ ఈల వేసుకుంటూ స్నానం చేశాడు.

"సూసావా? నేనంటే వినలేదు. ఇప్పుడు సర్కారే అంటోంది," అన్నాడు అన్నం ముందు కూచుని. "ఫేబే అక్కింటికి ఎల్లిపోద్ది. మళ్ళీ ఇంగ్లీష్ మీడియం. ఈసారి పెద్దదయింది, అలవాటు పడద్ది."

"దాన్ని అక్కడికి పంపితే నా శవం మీంచి పంపాలి."

"నువ్వే కదే అందరికన్నా ముందు లేచి రూఫ్ కారతాదని సెప్పావు! బడి బాగోలేదని నువ్వే అని, బడి తీసేస్తే నువ్వే ఏడిస్తే ఎలాగ?"

చేతిలోని గరిటె ఠక్కున గిన్నెలో పడేశాను. ఆయన ఊరుకోలేదు. "ఇంకోటి కూడా ఇను. నెలాఖరుకి బెంచీలు, బీరువాలు అటు చేర్చడానికి నా డింగీనే మాట్లాడారు. మాట ఇచ్చేశాను."

"నీ కూతురు కూచునే బెంచీ నువ్వే మోసుకుపోతావా?"

"నేను కాపోతే ఇంకోడు మోస్తాడు."

అప్పుడు చూశాను ఫేబేని. మామూలుగా అన్నం తింటున్నంతసేపూ దాని నోరు ఆగదు, క్లాసులో ఎవరేం చేశారో అన్నీ చెబుతుంది, తినవే బాబూ అని నేనే కసరాలి. ఆ పూట అది మాట్లాడలేదు. నేను "ఏం కావాలే?" అంటే, చేపల పులుసు గిన్నె వైపు వేలు చూపించింది.

రాబర్ట్ తలొంచుకుని తింటున్నాడు, చూశాడో లేదో తెలీదు.

మర్నాడే నేను ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుకి వెళ్ళాను. సాబ్ గుర్తుపట్టాడు. నన్ను ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోవడం కష్టం.

"ఆప్ లోగోంనే ఖుద్ బోలా," అన్నాడు, మీరే కదా చెప్పారు అని. "రూఫ్ కారుతుందని మీరన్నారా లేదా?"

"అన్నాను సాబ్. నా కూతురు జుట్టు దువ్వుకోదని కూడా అంటాను. గుడ్లురిమి చూస్తుందని, గదంతా చిందరవందర చేస్తుందని అంటాను. అంతమాత్రాన పిల్లని ఎత్తుకుపోయి ఇంకెవరికో ఇచ్చేస్తారా?"

పక్క బల్ల దగ్గర పూజ తల వంచుకుంది, నవ్వు దాచుకోవడానికి.

"మాది సాక్ష్యం సాబ్. మీరు సగం విన్నారు. మిగతా సగం వినండి, అప్పుడు మూస్తే మూయండి."

"మళ్ళీ మళ్ళీ వినడానికి రూల్ లేదు దీదీ. ఒకసారే." ఫైలు మూసేశాడు. నేను కదలకపోయేసరికి విసుగ్గా, "నెలాఖరున సామానుకి నేనే వస్తాను. ఏమైనా ఉంటే అప్పుడు చెప్పుకోండి, జాయియే," అన్నాడు.

నన్ను వదిలించుకోవడానికి ఆయన ఊరికే అన్న మాట అది. నేను మాత్రం ఊరికే వినలేదు.

బస్తీకి తిరిగొచ్చి నేరుగా దేవకుమార్ అన్న ఇంటికి వెళ్ళాను. విషయం చెబితే ఆయన గడ్డం గోక్కున్నాడు. "బళ్ళో సాక్ష్యం ఏటే? ఆఫీసరు ముందర? తప్పు కదమ్మా," అన్నాడు.

"సగంలో తెగిన సాక్ష్యం అలాగే ఒదిలేయడం తప్పు కాదా అన్నా? ఆ రోజు నన్ను కూకోబెట్టింది నువ్వే. ఇప్పుడు నువ్వే లేపు."

దేవకుమార్ అన్న గడ్డం మళ్ళీ గోక్కున్నాడు. ఆఖరికి, "పాటల పుస్తకం ఒద్దు. సాక్ష్యం ఒక్కటే," అన్నాడు.

గవరయ్య మామని ఒప్పించడానికి మాత్రం నోరు నొప్పెట్టింది. "ఆఫీసర్లతో మనకేటే" అని గొణిగాడు. "మామా, తుఫాన్లో సముద్రానికి భయపడవు, టై కట్టుకున్నవాడికి భయపడతావా?" అంటే కోపం వచ్చి, ఆ కోపంలోనే వస్తానన్నాడు.

నెలాఖరు రోజున తెల్లారకముందే వాన మొదలైంది. రాబర్ట్ నాతో మాట్లాడకుండా డింగీకి వెళ్ళిపోయాడు. నేనూ ఆయన్ని అడగలేదు. అటు ఆయన సాబ్‌ని తీసుకురావడానికి వెళ్ళాడు, ఇటు మేం బడికి వెళ్ళాం. సెవెంత్ క్లాసు గదిలో, అటు చేర్చాల్సిన ఆ బెంచీల మీదే, పిల్లల మధ్యలో ఇరుక్కుని బస్తీ అంతా కూచుంది. ఆరడుగుల మగాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ముడుచుకుని కూచున్నారు. గది నిండా బకెట్లు, చినుకుల చప్పుడు. మేడమ్ మాత్రం రోజూలాగే బోర్డు దగ్గర నిలబడి హాజరు పిలుస్తున్నారు.

సాబ్ గొడుగుతో లోపలికొచ్చి ఆగిపోయాడు. వెనకే టాబ్లెట్ గుండెలకి హత్తుకుని పూజ.

"యే క్యా హై? లేవండి, లేవండి. సామాను తియ్యాలి. మేడమ్, గది ఖాళీ చేయించండి."

ఒకపక్క మేడమ్‌కి మెమో నెత్తి మీద వేలాడుతోంది, ఇంకోపక్క రిటైర్మెంట్ దగ్గర పడింది. అయినా చాక్‌పీస్ కింద పెట్టలేదు.

"ఇవాళ పని దినం సార్. సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఈ గది సెవెంత్ క్లాసుది," అన్నారు.

దేవకుమార్ అన్న లేచాడు. "సాక్ష్యం మిగిలిపోనాది సాబ్. సామానుకొచ్చినప్పుడు సెప్పుకోమన్నారు కదా. అది అవ్వగానే లేస్తాం."

"ఎంతసేపు?"

"అది మేం ఎప్పుడూ గడియారం సూసి సెప్పలేదండి," అన్నాడు అన్న, ఎంతో మర్యాదగా.

సాబ్‌కి కూచోడానికి నేనే కుర్చీ వేశాను. చినుకు పడని చోట వేశాను, అంత పాపం మూటగట్టుకోను.

గవరయ్య మామ లేచాడు. ముందు మొదటి సగం మళ్ళీ చెప్పాడు, వరస తప్పకుండా. "నెక్కల మాస్టరు నేడు బాబూ. మేడమ్‌కి నెక్కలు రావు, ఆవిడది తెలుగు. ఏటి సేసిందంటే, సాయంకాలం బడి ఒగ్గేక పిల్లల్తోపాటు బెంచీ మీద కూకుని తనూ నేర్సుకుంది. తప్పులు సేస్తే పిల్లలు దిద్దేవోరు. ఓరోజు మా గుంట ఇంటికొచ్చి, నానా, ఇయ్యాల మేడమ్ తప్పు నేను దిద్దాను అంది. ఆ రోజుకాడ్నించి అది ఎవరికీ తలొంచడం నేదు బాబూ. నాకూ ఒంచడం నేదు, అదొక తలనొప్పి." జనం నవ్వారు. మామ నవ్వలేదు, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "నేను దాన్ని ఇంటికాడ కూకోబెట్టేద్దావనుకున్నాను. కూకోబెట్టను. ఆమెన్."

లహరి లేచింది. బాత్రూముకి గడియ లేదంది. బయట కాపలా ఉన్న పిల్ల ఉందో, ఆటలకి పారిపోయిందో లోపలున్న పిల్లకి తెలియాలి కదా, అందుకని కాపలా పిల్ల ఎక్కాలు గట్టిగా చదవాలట. అలా చదివి చదివి సెవెంత్ క్లాసు ఆడపిల్లలందరికీ పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చేసిందట. "కావాలంటే అడగండి సార్" అంది. సాబ్ అడగలేదు. పూజ మాత్రం టాబ్లెట్ మీద ఏదో రాస్తోంది, ఆయన రాయమనకుండానే.

అప్పుడు నేను లేచాను. ఇంటి దగ్గర ఎన్నోసార్లు అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. సూటిగా మొదలుపెట్టాను.

"సాబ్, సెవెంత్ క్లాస్ రూఫ్ జల్లెడే. కిందటేడు నా పిల్లది ఫిఫ్త్ క్లాస్, అదీ ఇందులోనే కలిపి కూచోబెట్టారు. వానొస్తే బకెట్లు పెడతారు. నా పిల్ల ఇక్కడికొచ్చేటప్పటికి మాట లేదు. టౌన్లో దాని నోరు నొక్కేశారు. మొదట్లో నేను రోజూ వచ్చి కిటికీలోంచి చూసేదాన్ని. మేడమ్ దాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు, లేచి చదవమనలేదు. ఒక్క పని చెప్పారు. బకెట్ నిండగానే నిండిందని చెప్పాలి, చెబితే పెద్ద పిల్లలు వచ్చి పారబోస్తారు. చెప్పకపోతే నీళ్ళు పొర్లి అందరి పుస్తకాలు తడిసిపోతాయి. మొదటిరోజు చెప్పలేదు. పుస్తకాలు తడిశాయి. మేడమ్ ఏమీ అనలేదు. రెండో రోజూ తడిశాయి. మూడో రోజు..."

ఏడుపు నాకు నచ్చదు, అందులోనూ ఆఫీసర్ల ముందు. ఆగిపోయాను. ఎవరూ కదల్లేదు. సాక్ష్యంలో మనిషి ఆగితే జనం ఆగుతారు, ఆ మనిషే మళ్ళీ మొదలుపెట్టేదాకా. సాబ్ ఒకసారి నోరు తెరిచి, గది వంక చూసి, మూసుకున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర రాబర్ట్ కనిపించాడు. రెయిన్ కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పడవ సిద్ధం, సామాను ఎక్కిద్దాం అని చెప్పడానికి వచ్చాడు.

మూల బెంచీ పక్కన ఉన్న బకెట్ అంచు దాకా వచ్చింది. అంత జనం ఉన్నారని పిల్లలెవరూ లేవలేదు. ఆ అన్నం పూట తర్వాత నోరు విప్పని నా ఫేబే, ఆ బకెట్ వంకా నా వంకా చూసింది. ఒక బొట్టు అంచు దాటి జారింది.

"నిండింది!"

ఎంత గట్టిగా అరిచిందంటే, సాబ్ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. ఇద్దరు పిల్లలు ఎప్పట్లా లేచి, బకెట్ ఎత్తి కిటికీలోంచి పారబోసి, మళ్ళీ అక్కడే పెట్టారు. అరుస్తూ లేచిన ఫేబే మళ్ళీ కూచుంది.

నేను "ఆమెన్" అన్నాను. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సాబ్ లేచి, ఊపిరి పీల్చుకుని, "హాఁ రాబర్ట్, బోట్ రెడీ?" అన్నాడు.

రాబర్ట్ ఆయన వైపు చూడలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచాడు, మందిరం దగ్గర విడిచినట్టే. రెయిన్ కోటు తీసి మేకుకి తగిలించి, లోపలికొచ్చి ఆఖరి బెంచీ మీద కూచున్నాడు.

"సాక్ష్యం నడుస్తోంది సాబ్," అన్నాడు.

బెల్లు కొట్టేదాకా నడిచింది. అంతమంది దగ్గర చెప్పుకోడానికి అంత ఉందని నాకే తెలీదు. చివర్లో సీతారత్నం మేడమ్ తన 'అయినా' దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పారు, ఆమెన్ అనడం రాక చివర్లో "అంతేనండి" అన్నారు. మేమందరం ఆమెన్ అన్నాం.

సాబ్ మళ్ళీ బెంచీల వైపు చూశాడు. రాబర్ట్ లేచి నిలబడ్డాడు.

"ఈ బెంచీలు నా డింగీలో ఎక్కవు సాబ్."

"క్యోం? పొద్దున్న ఎక్కుతాయన్నావు కదా?"

"ఎక్కవు. అంతే."

"వేరే బోట్ పిలిపిస్తాను."

"పిలిపించండి. ఆడూ ఇక్కడికొచ్చి కూకోవాల, ఇదంతా వినాల. తర్వాత ఎక్కిస్తానంటే నేనే ఓ సెయ్యి ఏస్తాను."

ఆ సాయంత్రం ఖాళీ డింగీలో సాబ్‌నీ పూజనీ భద్రంగా అవతల దించి వచ్చాడు రాబర్ట్. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "ఆ బకెట్ సంగతి నాకెప్పుడూ సెప్పలేదేటి?" అన్నాడు. "నువ్వెప్పుడు ఆమెన్ దాకా విన్నావు గనక?" అన్నాను. కోపం ఇంకా పోలేదు నాకు, ఎందుకు దాచాలి. ఆయన ఫేబే పక్కన కూచుని, పులుసు గిన్నె తన వైపు లాక్కుని, "ఏం కావాలే?" అన్నాడు. అది "ముక్క కాదు, పులుసు. పెద్ద గరిటెతో" అంది. జంగ్లీఘాట్ మాట మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

గెలిచామని నేను చెప్పను. ఆర్డరు రద్దయిందని ఎవరూ రాసివ్వలేదు. ఆగస్టు వచ్చింది, బెంచీల కోసం ఎవరూ రాలేదు, పిల్లలు వాటి మీదే కూచున్నారు. మేడమ్ మెమో పరిశీలనలో ఉందట. లెక్కల మాస్టారు రాలేదు. రాబర్ట్ ఒక ఆదివారం వెళ్ళి బాత్రూముకి గడియ బిగించి వచ్చాడు. అయినా ఆడపిల్లలు బయట నిలబడి ఎక్కాలు చదవడం మానలేదు, ఇప్పుడు ఇరవై మూడో ఎక్కంలో ఉన్నారు. మరుసటి వారమే నేను కప్పు గురించి మేడమ్‌ని మళ్ళీ తిట్టాను. ఆవిడ ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. "రాస్తాను సిల్వియా, మళ్ళీ రాస్తాను," అన్నారు.

వానలు వెనకబట్టాక పూజ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కర్తే. మళ్ళీ అభిప్రాయాలు కావాలట. మళ్ళీ మా మందిరమే. నన్ను పక్కకి పిలిచి, చెవిలో చెప్పింది పాపం, మంచి మనసుతోనే. "దీదీ, ఈసారి మంచివి ముందు చెప్పండి. చెడ్డవి చివర్లో. పైన మొదటి లైనే చదువుతారు."

అర్థమైంది. ఎవరికి అర్థం కాదు? తేలిక పని, నాలుక కొంచెం తిప్పితే చాలు. జనం అందరూ నా వంకే చూస్తున్నారు, నేను ఎలా చెబితే అలా చెప్పడానికి.

"మా వరస మారదు బేటీ," అన్నాను, అందరికీ వినబడేలా. "మా తాతల్నుంచీ ఇలాగే చెబుతున్నాం. పైనున్నవాళ్ళని మొత్తం చదవడం నేర్చుకోమను."

రాబర్ట్ వెనక బెంచీలోంచి లేచి వచ్చి, ఆమె ముందు ఒక స్టూలు వేశాడు. "కూకో అమ్మా. ఫెర్రీ ఎల్లిపోతే నా డింగీ ఉంది," అన్నాడు.

పూజ కూచుంది. టాబ్లెట్ తెరిచింది. నేను లేచి, చీర సర్దుకుని, ముందుకి తిరిగి నిలబడ్డాను.

"సెవెంత్ క్లాస్ రూఫ్ ఇంకా కారుతూనే ఉంది," అన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగి, పూజ వైపు చూశాను.

ఆ పిల్ల టాబ్లెట్ మీంచి వేలు పైకెత్తి పట్టుకుని, కదలకుండా కూచుంది.